లెక్కకెక్కని చావులు: నాలుగు శతాబ్దాల సింహావలోకనం

2021లో మన దేశంలో నమోదైన మరణాలు దాదాపు 1 కోటి 2 లక్షలు. అంతకు ముందటి ఏడాది నమోదైనవి 81 లక్షలు. ఒక్క సంవత్సరంలో 21 లక్షల పెరుగుదల. అదే 2021లో కోవిడ్‌తో చనిపోయారని కేంద్ర ఆరోగ్య శాఖ రోజువారీ ప్రకటించిన సంఖ్యలన్నీ కూడితే వచ్చే మొత్తం సుమారు 3 లక్షల 32 వేలు. రెండూ ప్రభుత్వ లెక్కలే. మొదటిది భారత రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయానిది. అది ప్రజల చేతికి వచ్చింది 2025 మే నెలలో, రెండో విడత కోవిడ్ గడిచిన నాలుగేళ్లకు.

ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న అగాధాన్ని చూసి ప్రభుత్వం చావులు దాచిందని కొందరన్నారు, నమోదు మెరుగుపడిందంతేనని మరికొందరన్నారు. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో తేల్చాలంటే ఆవేశం చాలదు, లెక్కలు చదవడం రావాలి. మహమ్మారి కాలంలో వెలువడే ప్రతి సంఖ్యా రెండు సంగతులను కలిపి చెబుతుంది. రోగం ఎంతమందిని పొట్టన పెట్టుకుందన్నది ఒకటి, రాజ్యం ఎంతమందిని లెక్కపెట్టగలిగిందన్నది రెండోది. ఈ రెండింటినీ విడదీసి చూడటమే అసలు విద్య. దానికి దాదాపు నాలుగు వందల ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో మన ఊళ్లకూ భాగముంది.

లండన్ మరణ పట్టికలు

17వ శతాబ్దపు లండన్‌లో వారం వారం మరణ పట్టికలు అచ్చయ్యేవి. ఏ చర్చి పరిధిలో ఎందరిని పూడ్చారు, వారిలో ప్లేగుతో పోయినవారెందరు అన్నది వాటిలో ఉండేది. శవాన్ని చూసి చావుకు కారణం చెప్పేది వైద్యులు కారు, ఆ పనికి కుదుర్చుకున్న పేద ముసలమ్మలు. ప్లేగని తేలిందా, ఆ ఇంటి తలుపుకు ఎర్ర శిలువ గీసి, లోపలివాళ్లను 40 రోజుల పాటు బయటికి రానిచ్చేవారు కాదు. అందుకని ముసలమ్మల చేతిలో కాస్త డబ్బు పెట్టి మరో జబ్బు పేరు రాయించుకునేవారు ఉండేవారు. అధికారిక చర్చికి దూరంగా ఉన్న మతశాఖల వారి ఖననాలు చాలావరకు పట్టికల్లోకి ఎక్కేవే కావు.

ఈ పట్టికలను మొదటిసారి పట్టి చూసినవాడు జాన్ గ్రాంట్ అనే లండన్ వర్తకుడు. 1662లో అచ్చయిన తన పుస్తకంలో 1625 నాటి ప్లేగు లెక్కను ఆయన తిరగదోడాడు. ఆ ఏడాది ప్లేగు కింద చూపిన చావులు 35,417. ఇతర జబ్బుల కింద చూపినవి 18,848. మామూలు సంవత్సరాల్లో ఇతర జబ్బులతో పోయేవారు ఏడెనిమిది వేలకు మించరు. మరి మిగతా 11 వేల మంది ఏమైనట్టు? వాళ్లూ ప్లేగుతో పోయినవాళ్లేనని గ్రాంట్ తేల్చాడు. అంటే ప్రతి నాలుగు ప్లేగు చావుల్లో ఒకటి మరో పేరు కింద దాగింది. కారణం రాసిన గడిని నమ్మకుండా, మొత్తం చావులను మామూలు ఏడాదితో పోల్చి చూడటం ఆయన పట్టుకున్న కిటుకు. ఇప్పుడు మనం అదనపు మరణాలు అంటున్నది దీన్నే.

ఆయన పుస్తకం వచ్చిన మూడేళ్లకే లండన్‌ను మహా ప్లేగు ముంచెత్తింది. 1665 పట్టికల్లో మొత్తం ఖననాలు 97,306, ప్లేగు కింద చూపినవి 68,596. గ్రాంట్ పద్ధతి తెలిసినవారికి ఈ రెండింటి మధ్య తేడాలో ఏముందో వేరే చెప్పనక్కర్లేదు.

1837లో ఇంగ్లండ్, వేల్స్‌లో జనన మరణాల పౌర నమోదు మొదలయ్యాక ఈ ఆలోచనకు గట్టి పునాది దొరికింది. అక్కడి రిజిస్ట్రార్ జనరల్ కార్యాలయంలో పనిచేసిన విలియం ఫార్ 1847 నాటి ఇన్‌ఫ్లుయెంజాను పరిశీలించాడు. ఇన్‌ఫ్లుయెంజా పేరుతో నమోదైన చావులు కొన్నే. ఆ వారాల్లోనే శ్వాసనాళాల వాపు, న్యుమోనియా, ఉబ్బసం కింద నమోదైనవి మాత్రం ఒక్కసారిగా ఎగబాకాయి. మొత్తం కలిపి చూస్తేనే మహమ్మారి అసలు పరిమాణం తెలుస్తుందని ఆయన చూపించాడు.

జ్వరాల గడి

బ్రిటిష్ పాలనలో మన దేశంలో చావులు రాసే పని గ్రామ ఉద్యోగుల మీద పడింది. ఉత్తరాదిన చౌకీదార్లు, మద్రాసు ప్రెసిడెన్సీలోని తెలుగు జిల్లాల్లో గ్రామ మునసబులు ఆ పని చేశారు. ఇక్కడ జనన మరణాల నమోదుకు 1899లో ప్రత్యేక చట్టమే వచ్చింది. ఊళ్లో ఎవరు పోయారో మునసబుకు తెలుస్తుంది. ఎందుకు పోయారో చెప్పడానికి మాత్రం ఆయన వైద్యుడు కాడు. వాంతులు, విరేచనాలైతే కలరా, ఒంటి మీద పొక్కులుంటే మశూచి. మిగిలినవాటిలో చాలా భాగం జ్వరాల కిందికి పోయేవి. మలేరియా, టైఫాయిడ్, న్యుమోనియా అన్నీ ఆ ఒక్క గడిలోనే. కాబట్టి ఆ కాలపు రికార్డుల్లో చావుల సంఖ్యను కొంతవరకైనా నమ్మవచ్చు, కారణాన్ని నమ్మడం కష్టం.

1896లో బొంబాయిలో ప్లేగు బయటపడింది. మరుసటి ఏడాది వచ్చిన అంటువ్యాధుల చట్టం అధికారులకు విపరీతమైన అధికారాలిచ్చింది. ఇళ్లలోకి చొరబడి సోదాలు చేశారు, రోగులను బలవంతంగా ప్లేగు క్యాంపులకు ఎత్తుకుపోయారు, సామాన్లు తగలబెట్టారు. పుణేలో ఆ పనులు నడిపించిన ర్యాండ్‌ను 1897 జూన్‌లో చాపేకర్ సోదరులు కాల్చారు. జనం రోగులను దాచారు, శవాలనూ దాచారు. లండన్‌లో 40 రోజుల నిర్బంధం చేసిన పనే బొంబాయిలో ప్లేగు క్యాంపు చేసింది. చావు చెబితే శిక్ష పడే చోట నిజమైన లెక్క పుట్టదని రెండు నగరాలూ రుజువు చేశాయి.

1918: నూరేళ్లుగా తెగని లెక్క

1918 జూన్‌లో ఇన్‌ఫ్లుయెంజా బొంబాయి రేవులో అడుగుపెట్టింది. సెప్టెంబరు నుంచి నవంబరు వరకు సాగిన రెండో విడత దేశాన్ని ఊడ్చేసింది. ఆ ఏడాది వానలు కూడా మొహం చాటేశాయి. తిండి గింజల ధరలు మండిపోయాయి. బొంబాయి, మధ్య పరగణాలు, ఉత్తరాది తీవ్రంగా దెబ్బతిన్నాయి. దక్షిణానికీ తూర్పుకూ వచ్చేసరికి ఉద్ధృతి కొంత తగ్గింది. మద్రాసు ప్రెసిడెన్సీలో చావుల రేటు బొంబాయితో పోలిస్తే తక్కువ. తక్కువన్నంత మాత్రాన ఊళ్లు తేలిగ్గా బయటపడలేదు.

ఎందరు పోయారు? శానిటరీ కమిషనర్ నార్మన్ వైట్ 1919లో ఇచ్చిన తొలి అంచనా, సంస్థానాలతో కలిపి, సుమారు 60 లక్షలు. 1921 జనాభా లెక్కలు ముగిశాక ఆ అంచనా 1.2 కోట్లు దాటింది. 1951లో జనాభా శాస్త్రవేత్త కింగ్స్‌లీ డేవిస్ దాదాపు 2 కోట్లన్నాడు. 1986లో ఇయన్ మిల్స్ 1.7 నుంచి 1.8 కోట్లన్నాడు. 2012లో సిద్ధార్థ్ చంద్ర బృందం 1.39 కోట్ల దగ్గర ఆగింది. ఒకే విపత్తుకు ఇన్ని లెక్కలెందుకు? చావులు రాయాల్సిన గ్రామ ఉద్యోగులే మంచం పట్టారు, కొందరు చనిపోయారు. రాసినవీ జ్వరాల గడిలోకి పోయాయి. ఇంత తేడాల మధ్య కూడా ఒక్క విషయం మాత్రం అందరి లెక్కల్లోనూ స్థిరంగా నిలిచింది. మొదటి ప్రభుత్వ అంచనా అసలు సంఖ్యలో సగం కూడా లేదు.

తొలి అంచనాను తలకిందులు చేసింది జనాభా లెక్కలే. 1911లో 25.2 కోట్లున్న జనాభా 1921 నాటికి 25.1 కోట్లకు తగ్గింది. మన జనాభా లెక్కల చరిత్రలో జనం తగ్గిన దశాబ్దం అదొక్కటే. మునసబు రిజిస్టరులో చేరని మనుషులు పదేళ్ల లెక్కలో లేకపోవడం ద్వారా బయటపడ్డారు. ఇన్‌ఫ్లుయెంజాకు స్పెయిన్ పేరు తగిలించడం వెనుకా ఇలాంటి సంగతే ఉంది. యుద్ధంలో ఉన్న దేశాలు పత్రికల నోళ్లు కట్టేశాయి. తటస్థంగా ఉన్న స్పెయిన్‌లో పత్రికలు దాచకుండా రాశాయి. నిజం చెప్పిన దేశమే రోగానికి పుట్టిల్లన్న అపవాదు మోసింది.

1957లో వచ్చిన ఆసియా ఫ్లూ మద్రాసు రేవు గుండా దేశంలోకి దిగింది. అప్పుడు నమోదైన కేసులు 44 లక్షలకు పైగా, మరణాలు మాత్రం 1,100 దరిదాపుల్లో. ఫ్లూ అని విడిగా నిర్ధారించే సదుపాయం చాలా చోట్ల లేని రోజులవి. ఆ మరణాల సంఖ్య ఆసుపత్రుల కంటికి కనబడినదే తప్ప దేశం కోల్పోయినది కాదు.

కేసుల సంఖ్య ఏం చెబుతుంది?

ఇక కోవిడ్. 2020 మార్చి నుంచి ప్రతి సాయంత్రం మనం టీవీల ముందు చూసిన కేసుల సంఖ్య నిజానికి రోగం సోకినవారి సంఖ్య కాదు. పరీక్ష చేయించుకుని పాజిటివ్‌గా తేలినవారి సంఖ్య. పరీక్షలు పెంచితే అది పెరుగుతుంది, తగ్గిస్తే తగ్గుతుంది. మొదట్లో విదేశాల నుంచి వచ్చినవారికీ వారిని కలిసినవారికీ మాత్రమే పరీక్షలు చేశారు. రక్తంలో యాంటీబాడీలు వెతికే సీరో సర్వేల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) జరిపిన తొలి జాతీయ సర్వే ప్రకారం 2020 మే ఆరంభం నాటికే దేశంలో 64 లక్షల మంది పెద్దలకు వైరస్ సోకింది. నమోదైన ఒక్కో కేసుకు నిజానికి 82 నుంచి 130 మందికి వైరస్ సోకిందన్నమాట. 2021 జూన్, జూలైలలో జరిపిన నాలుగో సర్వే నాటికి టీకా వేసుకున్నవారితో కలిపి 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి.

హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు మరో దారి పట్టారు. 2020 ఆగస్టులో మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి నమూనాలు తీసి, అందులోని వైరస్ జాడలను బట్టి నగర జనాభాలో 6 శాతానికి పైగా మందికి వైరస్ సోకి ఉంటుందని అంచనా కట్టారు. ఎవరు పరీక్షకు వచ్చారు, ఎవరు రాలేదు అన్న తేడా మురుగునీటికి లేదు. రోగుల సంఖ్యను ఆసుపత్రి గుమ్మం దగ్గరే కాక సమాజం మొత్తంలో వెతకాలని ఆ పరిశోధన చూపింది.

మరణాల రేటు విషయంలోనూ చాలామంది పొరబడ్డారు. 2020 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన 3.4 శాతం, నమోదైన కేసుల్లో మరణాల వాటా. స్వల్ప లక్షణాలతో ఇంట్లోనే ఉండిపోయినవారు అందులో లేరు. డైమండ్ ప్రిన్సెస్ అనే విహార నౌకలో ఉన్న 3,711 మందిలో దాదాపు అందరికీ పరీక్షలు చేశారు కాబట్టి అక్కడి లెక్క నిజానికి దగ్గరగా వచ్చింది. 712 మందికి సోకితే వారిలో దాదాపు సగం మందికి పరీక్షల నాటికి లక్షణాలే లేవు. మన దేశం మొత్తం మీద నమోదైన కేసులు 4.5 కోట్లు, మరణాలు 5.33 లక్షలు. భాగిస్తే 1.2 శాతం లోపు వస్తుంది. ఈ భాగహారంలో కింది సంఖ్యా తక్కువే, పై సంఖ్యా తక్కువే. వచ్చిన శాతం చూసి మనం ఇటలీ కంటే మెరుగని చెప్పుకోవడానికి వీల్లేదు. పైగా ఇటలీ జనాభా సగటు వయసు మనకంటే ఎంతో ఎక్కువ, కోవిడ్ ఎక్కువగా బలిగొన్నది ముసలివారినే. వయసు సర్దుబాటు చేయకుండా రెండు దేశాలను పక్కపక్కన పెట్టడం అన్యాయపు పోలిక.

ఏది కోవిడ్ చావు?

చావును లెక్కించడం తేలికని అనుకుంటాం. చనిపోవడంలో సందేహం ఉండదు, కారణంలోనే ఉంటుంది. బెల్జియం వృద్ధాశ్రమాల్లో కోవిడ్ ఉందన్న అనుమానంతో పోయినవారినీ ఆ లెక్కలో చేర్చింది. అందుకే మొదట్లో దాని రేటు అందరికంటే ఎక్కువగా కనిపించింది. పాజిటివ్ వచ్చిన 28 రోజుల లోపు పోయినవారినే లెక్కించాలని ఇంగ్లండ్ 2020 ఆగస్టులో నిర్ణయించగానే బ్రిటన్ మొత్తంలోంచి ఒక్కరోజులో 5 వేలకు పైగా మరణాలు తగ్గాయి. పెరూ 2021 మే 31న నిర్వచనం మార్చి, 69 వేల చిల్లరగా ఉన్న సంఖ్యను 1,80,764కు పెంచింది. సంఖ్య పెరిగినందుకు సిగ్గుపడకుండా సరిదిద్దుకున్న పెరూను చూసి ప్రపంచం నేర్చుకోవాల్సింది ఎంతో ఉంది.

మన దగ్గర పాట్నా హైకోర్టు గట్టిగా అడిగాక బిహార్ ప్రభుత్వం 2021 జూన్‌లో తన లెక్కను దాదాపు 5,400 నుంచి 9,400కు సవరించింది. ఆ పాత చావులన్నీ ఒకే రోజు ఖాతాలో పడటంతో జూన్ 10న దేశవ్యాప్త మరణాలు ఆరు వేలు దాటినట్టు కనిపించింది. ఆ రోజు పోయినవారు అంతమంది కారు, ఆ రోజు ఒప్పుకున్నవారు అంతమంది. చనిపోయిన తేదీకీ ప్రకటించిన తేదీకీ తేడా చూడకుండా గీసే ఏ గ్రాఫైనా తప్పుదోవ పట్టిస్తుంది.

మనవాళ్లెందరు?

ఆంధ్రప్రదేశ్ అధికారిక కోవిడ్ మరణాలు 14,733. తెలంగాణవి 4,111. ఈ రెండు సంఖ్యలనూ ఇతర లెక్కల పక్కన పెట్టి చూడాలి. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రకటించిన కోవిడ్ మరణాలు 3 వేల లోపు. అదే నెలలో రాష్ట్ర పౌర నమోదులో చేరిన మొత్తం మరణాలు మామూలు మే నెల కంటే లక్షకు పైగా ఎక్కువ. సుప్రీంకోర్టు ఆదేశంతో కోవిడ్ మృతుల కుటుంబాలకు 50 వేల రూపాయల పరిహారం మొదలయ్యాక, 2022 జనవరి నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 36 వేలకు పైగా, తెలంగాణలో దాదాపు 29 వేల దరఖాస్తులు వచ్చాయి. అప్పటికి తెలంగాణ చూపుతున్న మరణాలు నాలుగు వేలే.

దరఖాస్తులన్నీ నిజమైనవని చెప్పలేం. దొంగ పత్రాల అనుమానంతో ఆంధ్రప్రదేశ్ సహా నాలుగు రాష్ట్రాల్లో 5 శాతం దరఖాస్తులను తనిఖీ చేయడానికి సుప్రీంకోర్టే అనుమతించింది. వాటిలో కొన్ని తీసేసినా, తెలంగాణలో కనిపించిన ఏడు రెట్ల తేడా మొత్తంగా అబద్ధమై పోదు. ఆక్సిజన్ పడక దొరక్క అంబులెన్సులో పోయినవారు, పరీక్ష ఫలితం రాకముందే ఊపిరి ఆగినవారు, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుంటూ పోయినవారు ఏ లెక్కలో చేరారు? ఆ కుటుంబాలు మన చుట్టూనే ఉన్నాయి.

అంచనాల పోరు

దేశం మొత్తానికి వచ్చిన అంచనాలు అనేకం. పరిశోధకుడు ప్రభాత్ ఝా బృందం 2021 జూలై వరకు సుమారు 32 లక్షల కోవిడ్ మరణాలంది. 2020, 2021 రెండేళ్లకూ కలిపి లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనం 40.7 లక్షల అదనపు మరణాలంది. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 47 లక్షలంది. మన ప్రభుత్వం ఆ పద్ధతిని తోసిపుచ్చింది. అభ్యంతరాల్లో కొంత పస ఉంది. ఇవి గణిత నమూనాల మీద కట్టిన అంచనాలు, వాటి హద్దులు విశాలం. పూర్తి సమాచారం లేకపోవడం వల్లే నమూనాలు అవసరమయ్యాయన్నదీ అంతే నిజం. లెక్క సమయానికి బయటపెట్టని రాజ్యం ఇతరుల అంచనాలను ఖండించినప్పుడు ఆ ఖండనకు బలం చాలదు.

మొదట చెప్పిన 21 లక్షల పెరుగుదలను ఇప్పుడు నిదానంగా చూద్దాం. మహమ్మారి లేని 2018, 2019ల మధ్య కూడా నమోదైన మరణాలు 69.5 లక్షల నుంచి 76.4 లక్షలకు పెరిగాయి. కొంత జనాభా వల్ల, కొంత నమోదు మెరుగై. ఆ మామూలు పెరుగుదల ఏడు లక్షలు తీసేసినా 14 లక్షలు మిగులుతాయి. అది ఆరోగ్య శాఖ చెప్పిన 3.32 లక్షలకు నాలుగు రెట్లు. రిజిస్ట్రార్ జనరల్ విభాగపు మరో నివేదిక ప్రకారం 2021లో వైద్యులు కారణం ధ్రువీకరించిన చావులు నమోదైనవాటిలో 23.4 శాతమే. ఆ కొద్ది భాగంలోనే కోవిడ్ చావులు 4.13 లక్షలు. నాలుగో వంతు కూడా లేని ధ్రువపత్రాలే ఆరోగ్య శాఖ పూర్తి సంఖ్యను దాటేశాయి.

నమోదు కాని చావులు వీటికి అదనం. 2019లో 92 శాతం మరణాలు నమోదయ్యాయని ప్రభుత్వం చెప్పింది. ఇంటింటికీ వెళ్లి అడిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తేలింది 71 శాతమే. 2020లో నమోదైన చావుల్లో ఆడవాళ్లవి 40 శాతం లోపు. ఆస్తి, పింఛను, బీమా ఉన్న మగవాడి చావుకు కాగితం అవసరమవుతుంది. ఏ కాగితంలోనూ పేరు లేని ఆడమనిషి చావు కూడా కాగితం లేకుండానే జరిగిపోతుంది. 1918లో తప్పిన మనుషులను 1921 జనాభా లెక్కలు పట్టిచ్చాయి. ఈసారి 2021లో జరగాల్సిన జనాభా లెక్కలు వాయిదా పడి 2027కు వెళ్లాయి. సరిచూసుకునే కొలమానమే చేతిలో లేకుండా పోయింది.

చదివేవారికి, పాలించేవారికి

ఈ నాలుగు శతాబ్దాల నుంచి తీసుకోవాల్సింది నాలుగు ప్రశ్నల రూపంలో చెప్పవచ్చు. ఎవరు లెక్కపెట్టారు, వారికి తక్కువ చూపాల్సిన అవసరముందా? ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఎవరిని వదిలేశారు? దేనితో భాగించారు? మామూలు ఏడాదితో పోలిస్తే మొత్తం చావులు ఎంత పెరిగాయి? చివరి ప్రశ్నకు జవాబు దొరికితే మిగతావి చాలావరకు వాటంతటవే తేలతాయి. మూడున్నర శతాబ్దాల క్రితం లండన్ వర్తకుడు అడిగింది కూడా అదే.

ఆ జవాబు మహమ్మారి వచ్చాక తయారయ్యేది కాదు. ప్రతి చావూ ప్రతి ఊళ్లోనూ మామూలు రోజుల్లోనే రిజిస్టరులో చేరితే తప్ప విపత్తు రోజున తేడా తెలియదు. 2023లో సవరించిన చట్టం ఆన్‌లైన్ నమోదును, ఆసుపత్రుల నుంచి ఉచితంగా మరణ కారణ ధ్రువపత్రాన్ని హక్కు చేసింది. ఆ చట్టం పల్లె దాకా నడవాలి. పంచాయతీ కార్యదర్శికీ ఆశా కార్యకర్తకీ ఇంటి దగ్గర జరిగిన చావుకు కారణం అడిగి రాసే శిక్షణ ఇవ్వాలి. జిల్లాలవారీ మరణాల లెక్కను ప్రభుత్వాలు నెల నెలా బయటపెట్టాలి. నాలుగేళ్లకు వచ్చిన లెక్క చరిత్రకారుడికి పనికొస్తుంది, రోగికి పనికిరాదు.

పాఠకులకు ఒక విన్నపం. మీ ఇంట్లో, మీ వీధిలో ఎవరు పోయినా, ముసలివారైనా, ఆస్తిలేని ఆడవారైనా, పసిబిడ్డలైనా, 21 రోజుల లోపు నమోదు చేయించండి, కారణం రాయించండి. రేపు మరో మహమ్మారి వచ్చినప్పుడు నిజమైన లెక్క అడిగే హక్కు మనకు ఆ రిజిస్టరు నుంచే వస్తుంది.